తుడుపు గుడ్డ

ఉమాశంకర్ మీద ధనరాజ్‌కి అనుమానం ఊరికే రాలేదు. నిప్పు లేందే పొగ రాదు గదా! కొత్త బూత్ కట్టి, రంగు కొట్టే గన్ను ధనరాజ్ చేతికిచ్చిన నాటినుంచి ఒక్క కారూ తిన్నగా బయటికి రాలేదంటే, దాని వెనక ఎవరిదో చెయ్యి ఉండి తీరాలి. ఆ చెయ్యి ఎవరిదో ధనరాజ్‌కి తెలుసు. తెలియనిదల్లా అది ఎప్పుడు, ఎలా లోపలికి దూరుతోందన్నదే.

శ్రీకాకుళం దాటి చిలకపాలెం వైపు పోతుంటే హైవే పక్కన గణపతిరావు గారి షెడ్డు కనిపిస్తుంది. గుద్దుకున్న కార్లు, గీసుకున్న కార్లు, గోడకి రాసుకున్న కార్లు అన్నీ అక్కడికే చేరతాయి. ముందు వైపు సొట్టలు తీసే టింకరింగ్ పని, వెనక వైపు రంగు పని. ఈ ఏడు గణపతిరావు గారు ధైర్యం చేసి వెనక ఒక బూత్ కట్టించారు. నాలుగు వైపులా మూసిన గది, పైన ఫ్యాన్లు, లోపల పట్టపగల్లాంటి లైట్లు. విజయనగరంలో కార్ల షోరూము వాళ్ళు ముందు కొన్ని బళ్ళు పంపి చూస్తామని, పని నచ్చితే తమ బళ్ళన్నీ ఇక్కడికే పంపుతామని చెప్పారు. నచ్చకపోతే బూత్‌కి తాళం వేసుకుని మళ్ళీ ఆటోలకి రంగులు కొట్టుకోవడమే. ధనరాజ్ హెడ్ పెయింటరు అవునో కాదో కూడా ఆ బళ్ళమీదే తేలాలి.

ఇక ఉమాశంకర్ సంగతి. అసలు ధనరాజ్‌కి గన్ను పట్టడం నేర్పిందే అతను. అతనిది శ్రీకూర్మం అవతల సముద్రపొడ్డు పల్లె, చేపల వ్యాపారం చేసే ఇల్లు. మధ్యలో చెన్నై పోయి కొన్నేళ్ళు పని చేశాడు. తండ్రి పోయాక తిరిగొచ్చేసరికి గన్ను శిష్యుడి చేతిలో ఉంది. గురువేమో పక్కన కూర్చుని బండి నున్నబడేలా వాటర్ పేపరు రుద్దాల్సి వచ్చింది. పైకి నవ్వుతూనే రుద్దాడు. ఆ నవ్వే ధనరాజ్‌కి నచ్చలేదు. ఎవడికి మాత్రం లోపల మండదు చెప్పండి!

షోరూమునుంచి వచ్చిన మొదటి కారు తెల్లది. పై రంగు వేస్తుండగానే పొర పక్కకి జరిగి ఆవగింజంత గుంటలు పడ్డాయి. బానెట్టు అమ్మవారు పోసిన మొహంలా తయారైంది. రుద్దేసి మళ్ళీ కొట్టాడు, మళ్ళీ అంతే. తర్వాత వచ్చిన బూడిదరంగు కారుదీ అదే గతి. గుంటలు పడ్డాయంటే ఎక్కడో నూనో, గ్రీజో, మైనమో తగిలిందని ఏ పెయింటరుకైనా తెలుసు. కంప్రెసర్ గాలిలో నూనె వస్తోందేమోనని తెల్లకాగితం మీద గాలి కొట్టి చూశాడు, మరక పడలేదు. థిన్నర్ మార్చాడు, పుట్టీ మార్చాడు. వస్తువులన్నీ నిర్దోషులని తేలాక ఇంక మిగిలింది మనుషులే కదా.

"ఏట్రా ఇది, కారా, అట్టుపెనమా?" అన్నారు గణపతిరావు గారు బానెట్టు మీద చెయ్యి రాస్తూ. "ఆళ్ళు ఇంకో బండి పంపుతారు. అదీ ఇలగే అయిందో, నాను నిన్నూ ఉంచలేను, బూత్‌నీ ఉంచలేను."

అప్పటినుంచి ధనరాజ్ రెండు కళ్ళూ ఉమాశంకర్ మీదే పెట్టాడు. పెట్టిన కంటికి అన్నీ కనపడ్డాయి. టింకరింగ్ వైపు మైనం కలిపిన పాలిష్ డబ్బా దగ్గర ఉమాశంకర్ రెండుసార్లు నిలబడ్డాడు. ఒకరోజు పొద్దున్న వచ్చేసరికి బూత్ తలుపుకి నిమ్మకాయా, పచ్చిమిరపకాయలూ దారానికి గుచ్చి కట్టి ఉన్నాయి. కట్టింది ఉమాశంకరే. ధనరాజ్ అది చేతబడే అనుకుని పుటుక్కున తెంపి రోడ్డు మీద పారేశాడు. ఉమాశంకర్ తల వంచుకుని తన పనిలోకి పోయాడు. దొంగకి తేలు కుట్టినట్టు ఊరుకున్నాడని ధనరాజ్ అనుకున్నాడు.

అన్నిటికన్నా గట్టి సాక్ష్యం గుడ్డ దగ్గర దొరికింది. రంగు కొట్టే ముందు చివరిసారిగా బండినంతా మెత్తటి గుడ్డతో తుడవాలి. ఆ గుడ్డలు ధనరాజ్ ఇంటినుంచే వస్తాయి. అతని భార్య కుమారి పాత నూలు చీరలు చింపి, ఉతికి, ఎండేసి, క్యారేజీ సంచిలో మడతపెట్టి ఇస్తుంది. బజారు గుడ్డలకి పోగులు ఊడతాయి, మా ఇంటి గుడ్డలకి ఊడవు అని ధనరాజ్‌కి ఒక గొప్ప. ఒకరోజు అతను బూడిదరంగు కారుకి మళ్ళీ రంగు కొట్టడానికి తుడుస్తుంటే ఉమాశంకర్ దగ్గరికొచ్చాడు.

"ఒరే ధనరాజూ, ఆ గుడ్డ ఒగ్గేయ్. ఇదిగో, ఇది తీసుకో."

చేతిలో తెల్లటి గుడ్డ ముక్క ఉంది. ధనరాజ్ దానివంక పాముని చూసినట్టు చూశాడు.

"నా గుడ్డకేటయ్యిందన్నా?"

ఉమాశంకర్ ఆ ఇంటి గుడ్డ కొస పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ప్రతిదీ వాసన చూడడం అతనికి పుట్టుకతో వచ్చిన అలవాటు. చేపల బుట్ట మీద మూత తియ్యకుండానే సరుకు ఏనాటిదో చెప్పే ఇల్లు వాళ్ళది. ధనరాజ్ ముక్కు మాత్రం థిన్నర్ ఆవిర్లకి ఎప్పుడో చచ్చిపోయింది. కుమారి చేపల పులుసు మాడ్చినా అతనికి తెలియదు. ఉమాశంకర్ నోరు తెరిచి ఏదో చెప్పబోయాడు. సరిగ్గా అప్పుడే గుమ్మంలో క్యారేజీ పట్టుకుని కుమారి కనిపించింది. అతను ఆమెనీ, గుడ్డనీ మార్చి మార్చి చూసి నోరు మూసేశాడు.

"ఏటీ లేదులే," అని తెల్లగుడ్డని బూత్ తలుపు వెనక మేకుకి తగిలించి పక్కకి పోయాడు.

ఏమీ లేకపోతే ఎందుకు చెప్పబోయాడు? చెప్పబోయినవాడు కుమారిని చూసి ఎందుకు మింగేశాడు? ఆ తెల్లగుడ్డలో ఏం పూసి తెచ్చాడు? ధనరాజ్ ఆ పూట అన్నం సగం ఒదిలేశాడు.

ఇంటికెళ్ళి కుమారితో అంతా చెప్పాడు. కుమారి నెమ్మదస్తురాలు, భక్తి గల మనిషి. కాలనీ చివర రేకుల చర్చి మందిరంలో శుక్రవారం ఆడవాళ్ళ ఉపవాస ప్రార్థన ఆమె లేకుండా మొదలవదు.

"ఉమాశంకర్ బావు అలాంటోడు కాదు బావా," అంది మొదట. ధనరాజ్ నిమ్మకాయ సంగతి చెప్పాక ఆమెకీ గుండెల్లో రాయి పడింది. "నువ్వు గాబరా పడకు. నాను సెయ్యాల్సింది నాను సేస్తన్నాను గదా," అంది. ఏం చేస్తోందో అతను అడగలేదు. ప్రార్థనే అనుకున్నాడు.

ఆదివారం మందిరంలో ప్రార్థన అంశాలు అడిగినప్పుడు ధనరాజ్ లేచి నిలబడ్డాడు. తన పనిమీద ఒకడు పన్నాగం పన్నుతున్నాడని, ఆ శత్రువు చేతులు కట్టబడేలా ప్రార్థన చెయ్యమని అడిగాడు. పేరు చెప్పలేదు గానీ, చెప్పనక్కర్లేకుండానే అందరికీ తెలిసేలా చెప్పాడు. ఆమెన్‌లు గట్టిగా పలికాయి. పాస్టరు అయ్యగారు ప్రార్థన ముగించాక ఒక మాట అన్నారు.

"పని సెడినప్పుడు ముందు మన సేతులు సూసుకోవాల. ఆ తరవాతే పక్కోడి సేతులు."

ఇది వెనక బెంచీలో కూర్చున్న ఎవరో కాంట్రాక్టరు గురించి అన్నారని ధనరాజ్ అనుకున్నాడు. తల ఊపాడు కూడా.

తన చేతులు అతను ఇంతకు ముందే చూసుకున్నాడు, శుభ్రంగానే ఉన్నాయి. అందుకే ఇక జాగ్రత్తలు మొదలుపెట్టాడు. బూత్‌కి కొత్త తాళం వేసి తాళంచెవి మొలతాడుకి కట్టుకున్నాడు. థిన్నర్ తనే కొని ఇంట్లో పెట్టుకున్నాడు. షెడ్డులో వస్తువు ఒక్కటీ ముట్టకూడదని, నీళ్ళ సీసాతో సహా అన్నీ ఇంటినుంచే తెచ్చుకున్నాడు. గుడ్డలు ఎక్కువ పంపమని కుమారికి చెప్పాడు. ఆమె సంతోషంగా రెట్టింపు పంపింది.

ఇది చాలదనిపించి గణపతిరావు గారి దగ్గరకి పోయాడు.

"సార్, పని నాదే. సెడగొట్టేది మాత్రం నాను కాదు. ఆ పాలిష్ డబ్బా దగ్గర ఎవరు తిరగతన్నారో మీరే సూడండి."

గణపతిరావు గారు ఉమాశంకర్‌ని పిలిచారు. ఉమాశంకర్ చేతులకి పుట్టీతోనే వచ్చాడు. విషయం వినగానే శిష్యుడి వైపు తిరిగాడు.

"ఒరే, నాను నీకు గన్ను పట్టడం నేర్పానురా," అన్నాడు ధనరాజ్‌తో.

"నేర్పినోడికే కదా ఎక్కడ దెబ్బ కొట్టాలో తెలిసేది," అన్నాడు ధనరాజ్. ఈసారి అన్నా అని పిలవలేదు.

ఉమాశంకర్ మళ్ళీ ఏదో చెప్పబోయి మళ్ళీ ఆగాడు. చేతులు కడుక్కుని, చొక్కా తొడుక్కుని, సైకిల్ స్టాండు తీశాడు. కొన్నాళ్ళు రావద్దని గణపతిరావు గారు అనేలోపలే అతను హైవే ఎక్కేశాడు. ఆ రోజు ధనరాజ్ ఆకలిగా అన్నం తిన్నాడు.

షోరూమునుంచి ఆఖరి పరీక్ష బండి వచ్చింది, ఎర్రటి కారు. మర్నాడు వాళ్ళ మనిషి వచ్చి చూస్తాడు. ధనరాజ్ బూత్‌లో ఒక్కడే ఉన్నాడు, తలుపు లోపల గడియ. దుమ్ము లేవకుండా నేలంతా నీళ్ళు చల్లి, ఇంటినుంచి వచ్చిన మెత్తటి గుడ్డతో పైకప్పు తుడిచాడు, బానెట్టు తుడిచాడు, ఒక్కొక్క తలుపూ తుడిచాడు. ఆఖరి తలుపు దగ్గర గుడ్డ జారి తడినేల మీద పడి బురదైంది. సంచి వెతికితే గుడ్డలు అయిపోయాయి. చుట్టూ చూశాడు. తలుపు వెనక మేకుకి ఉమాశంకర్ ఆనాడు ఇవ్వబోయిన తెల్లగుడ్డ ఇంకా వేలాడుతోంది.

దాన్ని రెండు వేళ్ళతో తీశాడు. తిప్పి చూశాడు. వాసన చూశాడు, చచ్చిన ముక్కుకి ఏం తెలుస్తుంది! ఆ తలుపు ఎలాగూ వెనక వైపుది, చెడితే ఒక్కటే చెడుతుందిలే అని దానితోనే తుడిచి, "ప్రభువా" అనుకుని గన్ను నొక్కాడు.

పైకప్పు మీద గుంటలు. బానెట్టు మీద గుంటలు. తలుపుల మీద గుంటలు. ఉమాశంకర్ ఊళ్ళో లేడు, తాళంచెవి మొలలో ఉంది, థిన్నర్ ఇంటిది, నీళ్ళు ఇంటివి. మరి ఎవడు వచ్చాడు లోపలికి? దెయ్యమా? కారు చుట్టూ తిరిగి ఆఖరి తలుపు దగ్గరకొచ్చి ఆగిపోయాడు. ఆ తలుపు అద్దంలా ఉంది. అందులో లైట్లు కనపడుతున్నాయి, వాటి కింద నోరు తెరిచిన తన మొహం కనపడుతోంది. ఉమాశంకర్ గుడ్డ తగిలిన చోట ఒక్క గుంట లేదు.

చంకలో బిడ్డని పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది తన పని. మోటారుసైకిల్ స్టార్టు చేసి ఇంటికి పోయాడు.

కుమారి పెరట్లో చాప వేసుకుని కూర్చుంది. తీగమీదినుంచి తీసిన గుడ్డలు ఒడిలో ఉన్నాయి. పక్కన చిన్న గాజు సీసా. కళ్ళు మూసుకుని పెదాలు కదుపుతూ, వేలు సీసాలో ముంచి, గుడ్డ నాలుగు మూలలా, నడి మధ్యనా రాస్తోంది.

"ఏటి సేస్తన్నావే?"

కుమారి ఉలిక్కిపడింది. "అయ్యగారు ప్రార్థన సేసిచ్చిన నూనె బావా. నీకు బూత్ ఇచ్చినకాడ నుంచీ రాస్తన్నాను. నువ్వు ఎగతాళి సేస్తావని సెప్పలేదు."

"రోజూనా?"

"రోజూను. పని సెడిపోతందని నువ్వన్నాక ఇంకా ఎక్కువ రాస్తన్నాను."

ధనరాజ్‌కి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ముందు కోపం వచ్చింది. సీసా లాక్కుని గోడకి కొట్టబోయి, కొట్టలేక చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. కొబ్బరినూనె. తన మేలు కోరి, ఉపవాసం ఉండి, తన భార్య రోజూ మడతపెట్టి ఇచ్చిన కొబ్బరినూనె! దాన్ని తనే స్వయంగా, శ్రద్ధగా, బండి మూలమూలకీ పూశాడు. ఆ నూనె వల్లే గుంటలు పడ్డాయని కుమారికి చెప్పాడు.

"అయితే ఉమాశంకర్ బావు ఏటీ సెయ్యలేదా?"

"లేదు."

"ఆయన పని నా నూనె వల్ల పోయిందా బావా?"

"నూనె వల్ల గుంటలు పడ్డాయే. ఆయన పని నా నోటి వల్ల పోయింది."

ఆ మాట అన్నాక ధనరాజ్ చాపమీద కూలబడ్డాడు. కుమారి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

అయినా మనిషి బుద్ధి చూడండి. ఆ మధ్యాహ్నమే షెడ్డుకి తిరిగొచ్చి, గుంటలన్నీ రుద్దేసి, బజారునుంచి కొత్త గుడ్డ తెచ్చి తుడిచి, మళ్ళీ కొట్టాడు. ఎర్రకారు నిగనిగలాడింది. మర్నాడు విజయనగరం మనిషి బానెట్టు మీద వేలు రాసి, వంగి చూసి, "ఇది పని!" అన్నాడు. గణపతిరావు గారు ధనరాజ్ వీపు మీద చరిచారు.

"సూసావా, ఆడు పోయినాకే పని ఎలా తేలిందో! నువ్వు సెప్పిందే నిజంరా."

ధనరాజ్ నోరు తెరిచాడు. అసలు మాట గొంతు దాకా వచ్చింది. వస్తే ఏమవుతుంది? బూత్ పోతుంది, గన్ను పోతుంది, కుమారి పేరు షెడ్డంతా నవ్వులపాలవుతుంది. రాకపోతే ఎవరికి తెలుస్తుంది? "అవును సార్," అంది నోరు.

ఆ తర్వాత తనకి తనే సర్దిచెప్పుకున్నాడు. ఉమాశంకర్‌కి పనితనం ఉంది, ఎక్కడైనా బతుకుతాడు. కొన్నాళ్ళు పోయాక తనే పిలిపించి పక్కన పెట్టుకోవచ్చు. దేవుడు తనని పైకి తేవాలనుకున్నాడు కాబట్టే ఇలా జరిగింది. ఈ ఆఖరి మాట దగ్గర మాత్రం తనకే రోత పుట్టింది. ఇంట్లో కుమారి అన్నం పెడుతోంది, నీళ్ళు ఇస్తోంది, మాట్లాడడం లేదు. సీసా అలమరలో పెట్టి తలుపేసింది. గుడ్డలు ఉతకడం మానేసింది.

ఆదివారం మందిరం నిండుగా ఉంది. పాటలయ్యాక అయ్యగారు నవ్వుతూ ధనరాజ్ వైపు చూశారు.

"ప్రార్థన అడిగిన మన సహోదరుడికి ప్రభువు జయమిచ్చాడంట. రా బాబూ, సాక్ష్యం సెప్పు."

చప్పట్లు కొట్టారు. ధనరాజ్ ముందుకెళ్ళి మైకు పట్టుకున్నాడు. చెప్పాల్సిన వాక్యాలు సిద్ధంగానే ఉన్నాయి: శత్రువు తొలగిపోయాడు, చేతిపని నిలబడింది, స్తోత్రం. ఆడవాళ్ళ వైపు చూశాడు. అందరూ అతన్నే చూస్తున్నారు, కుమారి ఒక్కతే తల ఎత్తలేదు. తన భార్య దేవుడి ముందు కూర్చుని తనవంక చూడలేకపోతోంది! అది అతను తట్టుకోలేకపోయాడు.

"నా పని పాడు సేసే శత్రువున్నాడని మీ అందరి సేతా ప్రార్థన సేయించాను," అన్నాడు. "అలాంటోడు ఎవడూ లేడు. పని సెడింది నా సేతిలోనే. ఆ సంగతి తెలిసాక కూడా ఇంకొకడి మీద ఉంచేసాను. ఈ సాక్ష్యం సెప్పాల్సింది ఇక్కడ కాదు అయ్యగారూ, ఆయన గుమ్మంలో."

మైకు బల్లమీద పెట్టి నడిచాడు. సంఘపెద్ద ఒకాయన "ఆరాధన మధ్యలో ఎల్లిపోతాడేటి!" అని లేవబోయాడు.

"ఎల్లనియ్యండి," అన్నారు అయ్యగారు. "ఆడు సరైన సోటికే ఎల్తన్నాడు."

బండి తీసేలోపల కుమారి వచ్చి వెనక కూర్చుంది. శ్రీకూర్మం దాటి పల్లె చేరారు. ఉమాశంకర్ ఒడ్డున ఎవరిదో పడవకి బ్రష్షుతో పేరు రాస్తున్నాడు. కొంచెం అవతల అతని భార్య దుర్గ ఇసకమీద చేపలు ఎండబెడుతోంది. వీళ్ళని చూసి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఏటి, ఇంకా ఏటైనా మిగిలిందా తియ్యడానికి?" అంది.

"నువ్వు ఊరుకోయే," అన్నాడు ఉమాశంకర్ బ్రష్షు దించకుండానే.

ధనరాజ్ నిలబడే అంతా చెప్పాడు. నూనె సంగతి, ఎర్రకారు తలుపు సంగతి, ఓనరు మెచ్చుకుంటే అవునన్న సంగతి, ఒక్కటీ దాచలేదు. "అన్నా, తప్పు నాది," అన్నాడు చివరికి. ఉమాశంకర్ రాస్తున్న అక్షరం పూర్తి చేసి బ్రష్షు డబ్బాలో పెట్టాడు.

"నీ గుడ్డలో కొబ్బరినూనె వాసన ఆ బూడిదరంగు కారు కాడే పట్టానురా."

ధనరాజ్ నివ్వెరపోయాడు. "మరి సెప్పలేదేటన్నా? ఓనరు ముందైనా సెప్పొచ్చు గదా! నీ పని నిలబడేది గదా!"

"బూత్ మొదలైన రోజు ఈ పిల్ల తలుపుకి అదే నూనె రాసి కళ్ళు మూసుకోడం సూసాను. మా ఇంటిది నీకు దిష్టి తగిలిందని నిమ్మకాయలు కట్టమంది, కట్టాను. నీ ఇంటిది నూనె రాసింది. ఓనరు ముందు సెప్తే షెడ్డు షెడ్డంతా దాన్ని సూసి నవ్వుతాది. నీకు సాటుగా సెప్దామనుకున్నాను. నువ్వు నన్ను నీ దగ్గరికే రానివ్వలేదు."

కుమారి ఇసకలో కూర్చుండిపోయింది. దుర్గ ఆమెని కోపంగానే లేపి, కోపంగానే మంచినీళ్ళు తెచ్చిచ్చింది.

"నాను ఓనరుకి సెప్తాను," అన్నాడు ధనరాజ్.

"సెప్పు. సెప్పినాకే వస్తాను. గన్ను మాత్రం నాది." ఉమాశంకర్ నవ్వలేదు.

సోమవారం గణపతిరావు గారి అరుపులు హైవే మీదికి వినిపించాయి. నూనె మాట ధనరాజ్ చెప్పాడు, అయితే పెట్టింది తానేనన్నాడు. కుమారి పేరు ఎత్తలేదు. షెడ్డంతా అతన్ని చూసి నవ్వింది. నవ్వనివ్వండి అని ఊరుకున్నాడు. తన్ని తగిలేస్తానని గణపతిరావు గారు కేకలేశారు గానీ, షోరూము బళ్ళు వస్తున్నాయి, చేతులు కావాలి. గన్ను ఉమాశంకర్‌కి ఇచ్చారు. ధనరాజ్ వాటర్ పేపరు పట్టుకుని కింద కూర్చున్నాడు. సాయంత్రానికి వేళ్ళ చివర్లు మండాయి. తను హెడ్‌గా ఉన్నన్నాళ్ళూ ఉమాశంకర్ వేళ్ళు కూడా ఇలాగే మండి ఉంటాయని అప్పుడు తెలిసింది.

ఆ రాత్రి కుమారి అతని వేళ్ళకి ఆ సీసాలో నూనే రాసింది. పొద్దున్న లేచి సోడా వేసి గుడ్డలు ఉడకబెట్టి, ఎండేసి, మడతపెట్టింది.

"ప్రార్థన సేసాను. నూనె ముట్టుకోలేదు," అంది సంచి ఇస్తూ. "రెండు కట్టలు. ఒకటి ఉమాశంకర్ బావుది."

బూత్‌లో ధనరాజ్ గుడ్డ అందించాడు. ఉమాశంకర్ దాన్ని పూర్తిగా విప్పి, అందరూ చూస్తుండగా ముక్కు దగ్గర పెట్టుకుని ఒక వైపు వాసన చూశాడు, తిప్పి రెండో వైపు చూశాడు. టింకరింగ్ వైపు ఎవరో కిసుక్కున నవ్వారు. ధనరాజ్ మొహం మండిపోయింది. అయినా కదలలేదు.

"సబ్బు వాసన," అని ఉమాశంకర్ తుడవడం మొదలుపెట్టాడు. రంగు గుంట లేకుండా కూర్చుంది.

ఆ తర్వాత ప్రతి కారుకీ అంతే. ధనరాజ్ గుడ్డ ఇస్తాడు, ఉమాశంకర్ వాసన చూస్తాడు, ధనరాజ్ నిలబడి ఉంటాడు. ఇంకెన్నాళ్ళన్నా అని అడగలేదు. అడిగే హక్కు తనకి లేదని అతనికి తెలుసు. వానలు మొదలయ్యాయి. బళ్ళు వస్తున్నాయి, పోతున్నాయి.

ఒకరోజు నీలం కారు మీద ఉమాశంకర్ పరాగ్గా ఏదో గీత చూసుకుంటూ వెనక్కి చెయ్యి చాపాడు. ధనరాజ్ గుడ్డ పెట్టాడు. ఆ చెయ్యి ముక్కు దాకా వెళ్ళకుండా తిన్నగా బానెట్టు మీదికి పోయింది.

"అన్నా," అన్నాడు ధనరాజ్, "వాసన సూడలేదు."

"ఏటికిరా?" అన్నాడు ఉమాశంకర్ తుడుస్తూనే.

ధనరాజ్ పోయి పక్క బండి దగ్గర వాటర్ పేపరు తీసుకుని కూర్చున్నాడు. కళ్ళల్లో నీళ్ళు ఆగలేదు. జేబులో ఉతికిన గుడ్డ ఉంది, కానీ అది బండి గుడ్డ. చొక్కా చేత్తోనే తుడుచుకున్నాడు.